పులియని గంజి

విశ్వవిద్యాలయంలో ఆహార శాస్త్రం చదవడానికి పోతున్నానని తెలిసిన రోజు మా గల్లీ ఆడవాళ్లు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. ఎదురింటావిడ గడప దగ్గర కూర్చుని నూలు కండెలు చుడుతూనే కేకేసింది: "వంట నేర్సుకుంటందుకు రైలెక్కాల్నా పిల్లా? మా ఇంటికి రా, రొట్టె చేసుడు నేను నేర్పుత." నాకు అసలే ముక్కు మీద కోపం. "రొట్టె చేసుడు నీకొస్తది గాని, అది ఎందుకు పలుగుతదో నీకెరుకనా?" అని నేనూ గట్టిగానే అన్నాను. నిజం చెప్పాలంటే అది ఎందుకు పగులుతుందో నాకూ తెలియదు.

ఇది పందొమ్మిది వందల యాభైలలో, షోలాపూర్ నేతగాళ్ల వాడలో జరిగిన సంగతి. ఇప్పుడు అశోక్ చౌక్ అంటున్న వైపు మా ఇల్లు. ముందు గదిలో మగ్గం, వెనక గదిలో మేము. మా బాపు నేసేవాడు, అమ్మ కండెలు చుట్టేది. ఇంట్లో నాలుగో మనిషి మా మేనత్త, అంటే మా బాపు చెల్లెలు. పెళ్లయిన కొన్నేళ్లకే మామ పోతే అన్న ఇంటికి వచ్చేసింది. వచ్చిందే గానీ, అన్న పెట్టింది తిని పడుందన్న మాట ఒక్కనాడూ ఎవరి నోటా రానివ్వలేదు. ఎందుకంటే మా గల్లీలో ప్రతి మగ్గానికీ గంజి ఆమె చేతిదే.

నేత తెలియని వాళ్లకు ఒక మాట చెప్పాలి. మగ్గం మీద అడ్డదారాన్ని అటూ ఇటూ మోసేది నాడె, నిలువుగా సాగే దారాలను పడుగు అంటారు. వాటిని ఉత్తగా ఎక్కిస్తే నాలుగు దెబ్బలకే తెగిపోతాయి. అందుకని పొద్దున్నే ఎండ ముదరకముందే పడుగును గల్లీ పొడవునా కర్రల మీద సాచి, రెండు పక్కలా మగవాళ్లు నడుస్తూ పెద్ద కుంచెలతో గంజి పట్టిస్తారు. గంజి బాగుంటే పోగు నిలుస్తుంది, పోగు నిలిస్తే చీర దిగుతుంది. కుంభారి ఊరి వైపు నుంచి వచ్చే జొన్నలు విసిరి, ఆ పిండితో మా మేనత్త గంజి కాచేది. చల్లారాక ఒక పెద్ద మట్టికుండలో పోసి గుడ్డ కట్టి రెండు రోజులు ఉంచేది. ఆ తర్వాతే మగవాళ్లు చెంబులు పట్టుకుని వచ్చేవాళ్లు. ఆమె "ఇయ్యాల కాదు, రేపు" అన్నదంటే ఎంతటివాడైనా తిరిగి పోవాల్సిందే. ఎనిమిది మగ్గాల కార్ఖానా ఉన్న సావుకారి కూడా మా గడప దగ్గర నిలబడి "చెల్లే, అయిందా?" అని అడిగేవాడు. నాకు అది చూస్తే ఎంత గర్వమో!

నా చదువు సంగతి వచ్చినప్పుడు బాపు పది రోజులు నోరు విప్పలేదు. చివరికి మేనత్తే అందుకుంది. "పోనియ్యి అన్నా. దానికి అభ్యాస్ మీద మనసున్నది. నా గంజి మీద ఒట్టు, అది మన పేరు చెడగొట్టది." ఆమె గంజి మీద ఒట్టు పెట్టాక మా ఇంట్లో ఇక మాట్లాడేదేముంది? నేను రైలెక్కాను.

తరగతిలో పదిహేను మందిమి, అందులో ఆడవాళ్లం నలుగురం. మొదటి రోజు మా ఆచార్యురాలు ఒక్కొక్కరినీ మీ ఇంట్లో రోజూ తినే ధాన్యం ఏదని అడిగింది. ఒకరు బాస్మతి అన్నారు, ఒకరు గోధుమ అన్నారు. నా వంతు వచ్చింది. "జొన్న" అన్నాను గొణుగుతూ. వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆచార్యురాలు నవ్విన వాళ్ల వైపు కూడా చూడలేదు. "మంచిది, ఈ వారం జొన్నతోనే మొదలుపెడదాం" అని మరాఠీలో అని, బల్ల మీదికి సూక్ష్మదర్శిని జరిపింది. తెల్లచీర, ముంజేతికి మగవాళ్ల గడియారం, జుట్టు బిగించి కట్టిన ముడి. మేమందరం ఆమెను బాయి అనేవాళ్లం. అక్కడ టీచరమ్మల్ని అలాగే పిలుస్తారు.

ఆ రోజు నేను చూసింది ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. గాజుపలక మీద ఒక చుక్క నీళ్లు, అందులో చిటికెడు జొన్నపిండి. కన్ను ఆనించి చూస్తే మూలలు మూలలుగా సన్నటి రవ్వలు. బాయి ఆ పలకను మెల్లగా వేడి చేసి మళ్లీ పెట్టింది. అమ్మ బాబోయ్, రవ్వలన్నీ ఉబ్బి ఒకదాన్నొకటి ఒత్తుకుని నిలబడ్డాయి! గోధుమలో ఉన్న జిగురు జొన్నలో లేదనీ, అందుకే వేడినీళ్లు పోసి కలుపుతారనీ, ఉడికి ఉబ్బిన పిండే మిగతా పిండిని పట్టి ఉంచుతుందనీ ఆమె చెప్పింది. చల్లనీళ్లతో కలిపితే రొట్టె పగులుతుంది. అంతే సంగతి! నాకు లేచి గంతులేయాలనిపించింది. మొదటి సుట్టీకి ఇంటికి రాగానే ఎదురింటావిడ గడప ముందు నిలబడి ఈ ముక్క అప్పజెప్పి గానీ కాళ్లు కడుక్కోలేదు.

ఆ చదువును నేను ఎంత ప్రేమించానో చెప్పలేను. పండు ఎందుకు మెత్తబడుతుంది, పాలు ఎందుకు విరుగుతాయి, ఎండబెట్టిన రొట్టె నెల రోజులు ఎలా ఆగుతుంది... మా వంటింట్లో అమ్మ నోటి వెంట ఎప్పుడూ "అంతే, గట్లనే అయితది" అన్న జవాబు వచ్చిన ప్రశ్నలన్నింటికీ అక్కడ వేరే జవాబులున్నాయి. బాయి ఏ జవాబునూ చేతికి అందించేది కాదు. "చేసి చూడు" అనేది. తప్పుగా వస్తే కోప్పడదు, "ఇంకోసారి" అంటుంది. పదోసారి తప్పు వచ్చినా అదే గొంతు. నాలాంటి చిటపటలాడే మనిషికి ఆ ఓపిక చూస్తే సిగ్గేసేది.

రెండో ఏడు మొదటి సగంలో తిండిని పాడుచేసే సూక్ష్మజీవుల పాఠం వచ్చింది. గాజు పళ్లేల్లో పేరిన ఒకరకం పదార్థం మీద మా వేళ్లు అద్దించారు. రెండు మూడు రోజులకు నా వేలిముద్రలు పడిన చోట తెల్లగా, పచ్చగా చుక్కలు మొలిచాయి. ఛీ, నా చేతుల మీద ఇన్ని పురుగులా! అప్పట్నుంచి నాకు కడుగుడు పిచ్చి పట్టుకుంది. హాస్టల్లో నా గ్లాసు ఎవరినీ ముట్టనిచ్చేదాన్ని కాదు. మేలు చేసే సూక్ష్మజీవుల పాఠం రెండో సగంలో ఉంది. నేను చలికాలం సెలవులకు ఇంటికి వచ్చింది సరిగ్గా ఆ రెండు పాఠాల నడుమ. పెరుగు తింటూ పెరిగినదాన్ని, ఆ మాత్రం నాకే తట్టాలి కదా? తట్టలేదు. కొత్తగా నేర్చుకున్న దాని పొగరు అలాంటిది.

నేను వచ్చిన మర్నాడే మేనత్త పడిశంతో మంచం పట్టింది. ముక్కులు దిబ్బడ, ఒళ్లు కాలే జ్వరం. సావుకారి కార్ఖానాలో తొమ్మిది గజాల చీరల పడుగు ఒకటి సిద్ధంగా ఉంది, మూడో రోజు పొద్దున గంజి కావాలి. "నువ్వు చిన్నప్పట్సంది సూస్తనే ఉన్నవ్ గద బిడ్డా. పిండి కలిపి కాచి కుండల పొయ్యి. రెండొద్దులుంచు" అన్నది పడుకునే. కుండ కడగొద్దని ఆమె చెప్పలేదు. ఆ కుండను కడిగేవాళ్లు ఉంటారని ఆమె ఊహకు కూడా వచ్చి ఉండదు.

గంజి కాచి చల్లారబెట్టి కుండ మూత తీశాను. అడుగున పాత గంజి చెంబెడు, లోపలి గోడలకు నల్లగా పట్టిన పొర, గుప్పుమనే పులిసిన వాసన. వాంతి వచ్చినంత పనైంది. ఇన్నేళ్లుగా ఇదే కుండలోనా? మా మేనత్తకు తెలియకపోతే తెలియకపోయింది, తెలిసిన దాన్ని నేనున్నాను కదా! పాత గంజి మోరీలో పారబోశాను. బట్టల సోడా వేసి, మరిగే నీళ్లు పోసి, కొబ్బరి పీచుతో మూడుసార్లు తోమాను. ఎండలో బోర్లించి ఆరబెట్టాను. కుండ లోపల ఎర్రగా మట్టిరంగు తేలేదాకా వదల్లేదు. అప్పుడు గంజి పోసి, ఉతికిన గుడ్డ కట్టాను. ఎంత సంబరపడ్డానో.

రెండు రోజులయ్యాక మేనత్త మంచం మీంచి అడిగింది. "నా ముక్కుకేం తెలుస్తలేదే. నువ్వు సూసి చెప్పు, పులిసిందా?"

మూత తీసి వాసన చూశాను. ఉడికిన జొన్నపిండి వాసన తప్ప ఇంకేం లేదు. అంటే శుభ్రంగా ఉందన్నమాట. ఉన్నదున్నట్టు చెబితే ఆమె ఇంకో రోజు ఆగమంటుంది. ఈ శుభ్రమైన గంజితో నేసి చూపించాక, అప్పుడు అసలు సంగతి చెప్పి అందరినీ ఔరా అనిపించాలని నా ఎత్తు.

"పులిసింది అత్తా. మస్తుగ పులిసింది" అన్నాను.

మర్నాడు పొద్దున పడుగుకు నా గంజి పట్టించారు. దగ్గర నిలబడి చూశాను. పోగులు బిరుసుగా, తెల్లగా నిగనిగలాడాయి. ఆ మర్నాడు మధ్యాహ్నం సావుకారి మా గడపలోకి వచ్చి పడ్డాడు.

"చెల్లే, ఇదేం గంజి? పడుగంత ఖరాబైంది! నాడె ఇటు పోతె నాలుగు పోగులు, అటు పోతె నాలుగు పోగులు తెగుతున్నయి. మగ్గం కింద సూడు పో, పిండి రాలి కుప్పవడ్డది!"

మేనత్త చద్దరు కప్పుకుని లేచింది. గోడ పట్టుకుని కుండ దాకా నడిచింది. అడుగున మిగిలిన గంజిలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. తర్వాత అదే వేలితో కుండ లోపలి గోడను రాసి చూసుకుంది. నా వైపు తిరిగింది. ఒక్క క్షణమే చూసి సావుకారి వైపు తిరిగిపోయింది.

"చూక్ నాదే అన్నా, తప్పు నాదే. జొరంల సోయి లేకుండ పడున్న. సూసుకోలే."

నేను నోరు తెరిచాను. "నువ్వు లోపలికి పో. నీ పెట్టె సదురుకో" అన్నది నా వైపు చూడకుండానే. నాకు అర్థమైంది. చదువుకొచ్చిన పిల్ల పడుగు పాడుచేసిందంటే బాపు నన్ను మళ్లీ రైలెక్కనివ్వడు. గల్లీ అంతా ఆయన వెనకే నిలబడుతుంది.

సావుకారి అరుపు తగ్గించాడు గానీ మాట తగ్గించలేదు. "ఇన్నేండ్ల సంది నీ గంజే గద అని కండ్లు మూసుకొని రాసుకున్నం. ఇగ నీ గంజి బంద్. మిల్లోళ్ల పొడి దొరుకుతది, అది తెచ్చుకుంటం." ఆయన మాన్పిస్తే మిగతా మగ్గాలు కూడా మాన్పించినట్టే. సాయంత్రానికి మా గల్లీలో ఎవరికీ మా మేనత్త గంజి అక్కర్లేకుండా పోయింది.

అంతటితో కాలేదు. మా వాడలో ఒక కట్టుబాటుంది. పడుగు ఎవరి చేతిలో పాడైతే వాళ్లు, అది నేసి ముగిసేదాకా మగ్గం పక్కనే కూర్చుని తెగిన పోగునల్లా అతకాలి. జ్వరం పూర్తిగా తగ్గకముందే మేనత్త కార్ఖానాకు పోయి కూర్చుంది. నా సెలవులు అయిపోయాయి. స్టేషన్‌కు పోయే టాంగా కార్ఖానా ముందు నుంచే పోయింది. కిటికీలోంచి ఆమె వీపు కనిపించింది. వంగి పోగులు అతుకుతోంది. నేను టాంగా ఆపమనలేదు, దిగలేదు. నా జన్మలో నేను చేసిన పిరికి పనుల్లో అంతకన్నా పెద్దది ఇంకోటి లేదు. ఆ పడుగు ముగియడానికి పన్నెండు రోజులు పట్టిందని తర్వాత అమ్మ ఉత్తరం రాయించింది.

రెండో సగంలో బాయి పులియడం గురించి పాఠం మొదలుపెట్టింది. పెరుగు, ఇడ్లీ పిండి, అంబలి, రొట్టెల ఈస్టు. పాత పులుపులో బతికి ఉండే ప్రాణులే కొత్తదాన్ని పులియబెడతాయట. వాటిని వెచ్చగా ఉంచుకుని తరం తర్వాత తరం కాపాడుకునేవాళ్లు మన ఇళ్లలో ఆడవాళ్లేనట. నా సోడా, నా మరిగే నీళ్లు, నా కొబ్బరి పీచు గుర్తొచ్చి తల ఎత్తలేకపోయాను. మీ మీ ఇళ్లలో పులియబెట్టేది ఏదో ఒకటి తీసుకుని చివరి ప్రయోగం చేయమన్నది బాయి. నా వంతు వచ్చినప్పుడు ఏడుపు ఆపుకోలేక జరిగిందంతా చెప్పేశాను.

బాయి పెన్సిలు కింద పెట్టి విన్నది. తిట్టలేదు, ఓదార్చనూ లేదు. "గంజా? దారానికా? అది నాకు తెలియదు. చేసి చూద్దాం" అన్నది. అంత పెద్ద చదువు చదివిన మనిషి అంత తేలిగ్గా "నాకు తెలియదు" అనడం నేను అంతకుముందు వినలేదు.

రెండు జాడీల్లో జొన్న గంజి పోశాం. ఒకటి శుభ్రమైనది. ఇంకోదాంట్లో పులిసిన అంబలి ఒక చెంచా. మూడు రోజులయ్యాక చూస్తే మొదటిది ముద్దలా గాజుగొట్టంలోంచి దిగనంటుంది, రెండోది జారిపోతుంది. రెండింట్లో నూలు పోగులు ముంచి ఆరబెట్టి, అడ్డంగా సన్నగా కోసి, అయోడిన్ చుక్క వేసి చూశాం. గంజి ఉన్నచోట నీలం రంగు తేలుతుంది. మొదటి పోగుకు నీలం చుట్టూ ఒక పెంకులా ఉంది, లోపల అంతా తెలుపే. రెండో పోగులో నీలం నడిమి దాకా దిగింది. పులుపు గంజిని పలచన చేస్తే అది పోగు లోపలికి పోయి పట్టుకుంటుంది. పులియనిది పైన పెంకు కట్టి, మగ్గం దెబ్బకు రాలిపోతుంది. బాయి చాలాసేపు సూక్ష్మదర్శిని మీంచి లేవలేదు. లేచి, "ఎంత పని! ఎంత తెలివైన పని! ఇది నీకు నేర్పింది ఎవరు?" అన్నది.

"మా మేనత్త. నేను నేర్చుకోలేదు."

"ఇది ఆమెకు చెప్పావా?"

"లేదు బాయి."

ఆమె నా రికార్డు పుస్తకం మూసేసింది, సంతకం పెట్టలేదు. "పరీక్షలకు ముందు చదువుకోవడానికి సెలవులిస్తున్నాం కదా" అని మాత్రం అన్నది. ఆ సంతకం లేనిదే పరీక్షలో కూర్చోనివ్వరు.

ఇంటికి వచ్చేసరికి మేనత్త గుమ్మంలో కూర్చుని బీడీలు చుడుతోంది. బీడీ ఆకు తడిపి పెట్టుకునే నీళ్లు ఆ కుండలోనే ఉన్నాయి. "వచ్చినవా బిడ్డా" అన్నది, అంతే. ఆమె ముఖంలో కోపం లేదు, ఇదివరకటి దర్జా కూడా లేదు. అమ్మ ఏదో అడిగితే "మీ ఇష్టం వదినే" అంటోంది. మా మేనత్త నోటి వెంట "మీ ఇష్టం" అన్న మాట నేను అప్పుడే వినడం.

మర్నాడు పొద్దున గల్లీలో పడుగు సాచారు. మిల్లు పొడి గంజి పట్టిస్తున్నారు. బాపు ఒక పక్క, సావుకారి ఒక పక్క. నేను పోయి కర్రల నడుమ సావుకారికి ఎదురుగా నిలబడ్డాను.

"పెద్దబాపూ, ఆ పడుగు పాడుచేసింది మా అత్త కాదు. నేను. కుండ నేను కడిగిన. పులువకున్నా పులిసిందని నేనే అబద్ధం చెప్పిన."

కుంచెలు ఆగిపోయాయి. బాపు ముఖం నల్లబడింది. "ఏం మాట్లాడుతున్నవే? నోరు మూసుకొని ఇంట్లకు నడు!"

"మూసుకోను బాపూ. ఇన్ని దినాలు మూసుకున్నది చాలు."

మేనత్త బీడీ చేట పక్కన పడేసి ఉరికొచ్చింది. "ఎవ్వలు చెప్పమన్నరే నిన్ను? నేను కాపాడుకొస్తె నువ్వొచ్చి కూలగొడ్తవా? ఇగ నిన్ను చదువనిస్తరా వీళ్లు?"

"చదువనియ్యకుంటె ఇయ్యకపోనీ!" అని ఆమె మీదే అరిచాను. తర్వాత సావుకారితో అన్నాను: "ఒక్క పడుగు మా అత్త గంజితో చెయ్యున్రి. అది ఖరాబైతె ముగిసేదాంక నేను కూసొని అతుకుత."

ఆయన మీసం దువ్వుకుంటూ నన్ను చూశాడు. "నీకు పరీక్ష ఉన్నదంటివి గద?"

"పదమూడొద్దులకు ఉన్నది."

"పోయినసారి పన్నెండొద్దులు పట్టింది."

"నాకెరుకే."

ఆయన బాపు వైపు చూశాడు. బాపు నేలచూపులు చూస్తున్నాడు. "కానియ్యున్రి. ఒక్క పడుగు" అన్నాడు సావుకారి.

ఆ రోజు నుంచి మేనత్త నన్ను కుండ దరిదాపుల్లోకి రానివ్వలేదు. ఆకు నీళ్లు పారబోసి, మంచినీళ్లతో తొలిచి గంజి పోసింది. ఎండాకాలం కదా, రెండో నాటికే వాసన వచ్చింది. వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని, "థూ, ఇది పులుపు కాదు, మురుగుడు" అని అంతా మోరీలో పోసింది. మళ్లీ కాచింది. అదీ మూడు రోజులకు పారబోసి ఇంకోసారి కాచింది. సావుకారి మనిషి వచ్చి "లవ్కర్ కావాలంట" అంటే "కాదంటున్న గద! తొందరుంటె మిల్లు పొడి పూసుకోమను" అని కసిరింది. ఆ కసురు వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఇవతల నా పరీక్ష రోజులు ఒక్కొక్కటే తరిగిపోతున్నాయి. ఆమెకు ఆ సంగతి తెలుసు. అయినా ఒక్క పూట కూడా ముందు ఇవ్వలేదు. ఎనిమిదో నాడు నాలుక మీద పెట్టుకుని, కళ్లు మూసుకుని, కాసేపు అలాగే ఉండి, "పిలువు" అన్నది.

తొమ్మిదో నాడు గంజి పట్టించారు. పదో నాడు పొద్దున మగ్గం ఆడింది. నేను చేతులు ఒళ్లో పెట్టుకుని పక్కన కూర్చున్నాను. నాడె పోయిన ప్రతిసారీ నా గొంతులోనే పోయినట్టుండేది. నేసే ఆయన నా వైపు చూసి నవ్వాడు. "ఊకెనే కూసున్నవ్ పిల్లా. పో, పోయి సదువుకో పో." పొద్దు గుంకేసరికి తెగినవి మూడే మూడు పోగులు. ఏ మంచి పడుగుకైనా ఆ మాత్రం తెగుతాయి.

సావుకారి వచ్చి గుడ్డ మీద చెయ్యేసి రాసి చూశాడు. గుమ్మం బయట నిలబడ్డ మేనత్తతో, "ఎల్లుండి రెండు పడుగులున్నయి చెల్లే" అన్నాడు.

"రెండు కావు, ఒకటే" అన్నది ఆమె. "గంజింక లేతది. రెండింటికి సాగది."

"నీ ఇష్టం" అన్నాడాయన.

పన్నెండో నాడు పొద్దున బాపు పిలిపించిన టాంగా వచ్చింది. నేను పెట్టె గడప దగ్గర పెట్టి ఆమె కాళ్లకు మొక్కాను. ఆమె కుండ పక్కన పీట మీద కూర్చుని ఉంది. "మీ బాయి ఏమన్నది?" అని అడిగింది. చేసిన ప్రయోగం చెప్పాను, నీలం రంగు పోగు నడిమి దాకా దిగిందని చెప్పాను. ఆమె ముఖం ఎర్రబడింది.

"ఆమెకు చెప్పినవ్. గల్లీలోళ్లకు చెప్పినవ్. రెండేండ్లాయె నువ్వు చదువవట్టి, ఒక్కనాడన్న నన్ను కూసుండబెట్టి చెప్పినవా? నాకు చేసుడే వచ్చు బిడ్డా. అది ఎందుకైతదో నాకెవ్వలు చెప్పలే. నాకు తెలుసుకోవాలని ఉండదా?"

నాకు తల కొట్టేసినట్టయింది. నిజంగా, ఒక్కనాడు కూడా నాకు ఆ ఆలోచన రాలేదు. ఆమెకు చెప్పాలని గానీ, ఆమె వింటుందని గానీ. నేల మీద చతికిలబడి మొదలుపెట్టాను. జొన్నపిండిలో రవ్వలు, వేడికి అవి ఉబ్బడం, కంటికి కనిపించని ప్రాణులు వాటిని కొరుక్కు తింటూ పులుపు పుట్టించడం. ఆమె రెప్ప వేయకుండా వింటోంది. నడుమ నడుమ అడుగుతోంది. చలికాలం వాటికి సలి పెడతదా? పెడుతుంది అత్తా, అందుకే ఆలస్యం. ఉప్పు వేస్తే చస్తయా? కొన్ని చస్తాయి. మా తరగతిలో పదిహేను మందిలో ఎవరమూ బాయిని అంత మంచి ప్రశ్నలు అడగలేదు. ఈమెను ఆ సూక్ష్మదర్శిని ముందు కూర్చోబెడితే ఎలా ఉండేదో అనుకుంటే నాకు ఏడుపొచ్చింది.

"అయితె పాత గంజిల ఉన్నయే కొత్త గంజిల పెరుగుతయన్నట్టు."

"అవును. వాటి పిల్లలు, ఆ పిల్లల పిల్లలు."

ఆమె కుండ వైపు తిరిగింది. తర్వాత మెల్లగా అన్నది: "నేను కాపురానికి పోయిన మూడోనాడు మా అత్త, మీ మామ తల్లి, ఆమె కుండలకెల్లి చెంబెడు గంజి తీసి నా కుండల పోసింది. ఆమెకు వాళ్లత్త ఇచ్చిందట. మీ మామ పోయినంక ఆ ఇంట్లకెల్లి నేను తెచ్చుకున్నది గీ కుండొక్కటే." కుండ అంచు మీద చెయ్యి వేసింది. "నువ్వు సోడ పెట్టి కడిగిన్నాడు అవన్ని చచ్చిపోయినయా?"

బయట టాంగావాడు కేకేస్తున్నాడు. కొన్ని మిగిలి ఉంటాయి అత్తా అనొచ్చు. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది.

"చచ్చిపోయినయి అత్తా. అన్ని."

మామ పోయినప్పుడు నేను చిన్నదాన్ని, గుర్తు లేదు. సావుకారి గంజి బంద్ అన్న రోజు ఆమె కళ్లు చెమ్మగిల్లలేదు. జ్వరంతో పన్నెండు రోజులు పోగులు అతికినప్పుడూ ఏడ్చిందని ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు కొంగు నోట్లో కుక్కుకుని భుజాలు ఎగిరెగిరి పడేలా ఏడ్చింది.

పరీక్ష మర్నాడు. సాయంత్రం ఇంకో బండి ఉంది, తెల్లారి బాయి సంతకానికి అందుతాను. నేను లేచి టాంగావాణ్ని పంపించేసి, వచ్చి ఆమె పక్కన కూర్చున్నాను.